మాటలు వాటంతట అవే వస్తాయా?

'వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి. కంగారెందుకు?'... మా పక్కింటి బాబు విషయంలో ఇంట్లో పెద్దవాళ్లందరిదీ ఇదే మాట. వస పోశారు. నాలుక మందమేమో అన్నారు. మూడేళ్లు నిండాక డాక్టరుకి చూపిస్తే తెలిసింది, లోపం నాలుకది కాదు, చెవులదని. వినపడని మాటని ఏ బిడ్డయినా ఎలా పలుకుతాడు?

అందుకే మాటలు రాని పిల్లలకి ముందుగా వినికిడి పరీక్ష చేయిస్తారు. సాధారణంగా ఏడాది అటూ ఇటూగా పిల్లలు 'అమ్మ', 'తాత' అంటారు. రెండేళ్లకి 'పాలు కావాలి', 'తాత రా' అంటూ రెండేసి మాటలు కలుపుతారు. అలా కలపడం లేదంటే చూద్దాంలే అనుకోకూడదు. మెదడు మాటని తేలిగ్గా పట్టుకునేది ఆ తొలి ఏళ్లలోనే.

స్పీచ్ థెరపీ అంటే సూదిమందు కాదు, ఆట. బంతి చూపించి వెంటనే ఇవ్వరు. 'బ...' అనేదాకా ఓపిగ్గా ఆగుతారు. అనగానే మెచ్చుకుని చేతికిస్తారు. అక్కడ గడిపేది వారానికి గంటో, రెండు గంటలో. మిగతా పాఠమంతా ఇంట్లోనే. స్నానం చేయిస్తూ, అన్నం పెడుతూ చేస్తున్న పనిని మాటల్లో చెబుతుండాలి.

నత్తి ఉన్న పిల్లలకి 'సరిగ్గా చెప్పు' అన్న కసురు పనికిరాదు. వాళ్ల మాటని మనం పూర్తిచేయకుండా, చివరిదాకా వింటే చాలు. నెలలు గడిచినా తగ్గకపోతే నిపుణులకి చూపించాలి.

పెద్దవాళ్లకీ ఈ చికిత్స అవసరమే. పక్షవాతం వచ్చాక కొందరికి మనవరాలి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. మతి పోయిందనుకుంటాం. కాదు, దాన్ని అఫేసియా అంటారు. చాలామందిలో మాటకి ఆధారం ఎడమవైపు మెదడు. అక్కడ దెబ్బతింటే మనసులో ఉన్నది మాటగా మారదు. చిత్రమేమిటంటే, మాట పెగలని కొందరు పాట పాడగలరు. తెలిసిన పాటలు, అంకెలు, వారాల పేర్లతో మొదలుపెట్టి మెల్లగా మాటల్లోకి దింపుతారు.

మైసూరులో 1965లో ఏర్పాటైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో పేరున్నది. మనకి దగ్గర్లో అయితే సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రైవేటు థెరపిస్టు దగ్గరికి వెళ్తే, భారత పునరావాస మండలిలో నమోదయ్యారా అని అడగడం మరవొద్దు.

పక్కింటి బాబుకి చెవిమిషను పెట్టి ఏడాదైంది. మొన్న గేటు దగ్గర నన్ను చూసి 'ఆంతీ' అన్నాడు. నేను మురిసిపోతుంటే వాళ్ల నాయనమ్మ మాత్రం కళ్లు తుడుచుకుంది. 'రెండేళ్లప్పుడే తీసుకెళ్లాల్సిందమ్మా' అంది.