కాపలా పేరుతో వచ్చి.. ఖజానా తాళం పట్టుకెళ్లారు!

మన్రో సిద్ధాంతం కాలం ముగిసిందని 2013లో అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ ప్రకటించారు. ఆరేళ్లు కూడా తిరగలేదు. 2019లో అదే దేశ జాతీయ భద్రతా సలహాదారు జాన్ బోల్టన్ అది బతికే ఉందన్నారు. ఇంతకీ ఆ సిద్ధాంతంలో ఏముంది?

ఐరోపా రాజ్యాలు అమెరికా ఖండాల్లో కొత్తగా వలసలు పెట్టకూడదని 1823లో అధ్యక్షుడు జేమ్స్ మన్రో చెప్పారు. స్పెయిన్ పెత్తనం నుంచి అప్పుడే బయటపడుతున్న దేశాలకు అది అండగానే కనిపించింది. పొరుగు దేశాల్లో అమెరికా సైన్యం దిగొచ్చని అందులో ఎక్కడా లేదు.

ఆ మెలిక 1904లో పడింది. అప్పులు కట్టలేదని 1902లో బ్రిటన్, జర్మనీ, ఇటలీ యుద్ధనౌకలు వెనెజువెలా రేవులను దిగ్బంధించాయి. మళ్లీ అలా జరగకూడదంటే ఈ ప్రాంతంలో పోలీసు పని తామే చేయాలని థియోడర్ రూజ్‌వెల్ట్ వాదించారు. ‘బయటివాళ్లు రావద్దు’ కాస్తా ‘మేం రావొచ్చు’గా మారిపోయింది.

మరుసటి ఏడాదే డొమినికన్ రిపబ్లిక్ కస్టమ్స్ వసూళ్లు అమెరికా చేతికి వెళ్లాయి. ప్రతి 100 డాలర్లలో 55 అప్పులవాళ్లకు, 45 స్థానిక ప్రభుత్వానికి. వసూళ్లు పద్ధతిలో పడ్డాయి, ఐరోపా నౌకలు రాలేదు అని సమర్థించేవాళ్లున్నారు. నిజమే. కానీ 1916లో అమెరికా సైన్యమే వచ్చింది. 1924 దాకా కదల్లేదు.

పక్కనే ఉన్న హైతీలో కథ ఇంకా ఘోరం. 1914 డిసెంబరులో అమెరికా మెరైన్లు అక్కడి నేషనల్ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని న్యూయార్క్‌కు తరలించారు. 1915 జులైలో సైన్యం దిగింది. 1934 దాకా ఉంది. శాంతిభద్రతలు, జర్మనీ ముప్పు అని కారణాలు చెప్పారు. ఇదే హైతీ తన స్వాతంత్ర్యానికి గుర్తింపు కోసం 1825 నుంచి ఫ్రాన్స్‌కు పరిహారం కట్టుకుంటూ వచ్చిన దేశం. బానిసలుగా ఉన్నవాళ్లే పాత యజమానుల నష్టం పూడ్చాలన్నమాట! ఖజానా ఎందుకు ఖాళీ అయిందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇది ఒక్క అమెరికా రోగం కాదు. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రేగ్‌లోకి వచ్చాయి. సోషలిజానికి ముప్పు వస్తే అది ఒక్క దేశం సమస్య కాదన్నది బ్రెజ్నెవ్ సిద్ధాంతం. జెండా రంగు మారింది, వాదన మారలేదు.

అందుకే ఏ పెద్ద దేశమైనా పొరుగువాళ్ల రక్షణ గురించి మాట్లాడితే రెండు ప్రశ్నలు వేయాలి. రమ్మని వాళ్లు అడిగారా? వచ్చాక ఖజానా తాళం ఎవరి దగ్గరుంది?