గురి ఒక్కటే చాలునా?

అమెరికాలో వున్న మా మేనకోడలు ప్రతి ఆదివారమూ ఫోను చేస్తుంది. క్షేమసమాచారాలూ, వంటలూ, వాతావరణమూ అయినాక ఫోను కొడుక్కి ఇస్తుంది. వాడు అక్కడే పుట్టాడు. అయినా తెలుగు చక్కగా మాట్లాడతాడు. ఇప్పుడు కాలేజీలో రెండో ఏడు. క్రిందటి నెలలో ఒక ఆదివారం మాత్రం క్షేమసమాచారాల కంటె ముందే తగవు వినిపించింది.

"మామయ్యా, పొద్దుటినుంచీ తండ్రీ కొడుకులు ఒకటే వాదన. తీర్పు నువ్వు చెప్పాలిట!" అన్నది.

తగవు బాస్కెట్‌బాల్‌ గురించి. వాళ్ళ కాలేజీ జట్టులో గొప్ప గురికాడు ఒకడున్నాడు. దూరంనుంచి విసిరితే బంతి బుట్టలో పడవలసిందేనట. మా మనవడు వాడి బొమ్మ గోడకు అంటించుకున్నాడు.

"చూస్తూండు తాతయ్యా! వచ్చే ఏడు ఎన్‌.బి.ఏ.లో మావాడిదే పేరు" అన్నాడు వీడు.

"కాలేజీలో పులులను చాలామందిని చూశాం. అక్కడికి పోయి బెంచీమీద కూర్చున్నవాళ్ళే ఎక్కువ" అన్నాడు వెనకనుంచి తండ్రి.

నేను బాస్కెట్‌బాల్‌ ఆడినవాణ్ణి కాను. కాని తెల్లవారుజామున లేచి టీవీలో అమెరికా ఆటలు చూసే అలవాటు నాకొకటి వుంది. మా ఇంట్లో ఆ అలవాటుకు పెట్టిన పేరు ఇక్కడ రాయడానికి వీల్లేదు. పాత దాఖలాలు చూడందే తీర్పు చెప్పలేనని వారం గడువు అడిగాను.

తండ్రి పక్షాన మొదటి సాక్షి జిమ్మర్‌ ఫ్రెడెట్‌. యూటా రాష్ట్రంలోని బ్రిగం యంగ్‌ యూనివర్సిటీ విద్యార్థి. 2010–11లో ఆటకు సగటున 28.9 పాయింట్లు చేసి, దేశంలోని కాలేజీ ఆటగాళ్ళందరిలోనూ మొదటివాడుగా నిలిచాడు. ఆ ఏటి ఉత్తమ ఆటగాడన్న బహుమానాలూ అతనికే వచ్చాయి. అక్కడ ఏటేటా వృత్తి జట్లు వరసగా వంతులేసుకుని కుర్రవాళ్ళను ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్‌ అంటారు. 2011 డ్రాఫ్ట్‌లో ఫ్రెడెట్‌ది 10వ పేరు. శాక్రమెంటో జట్టులో చేరాడు. మొదటి ఏడు సగటు 7.6 పాయింట్లు. 2014లో ఆ జట్టు అతన్ని వదులుకుంది. తరువాత నాలుగైదు ఊళ్ళు తిరిగాడు గాని ఎక్కడా కుదురుకోలేదు.

గురి పోయిందా అంటే పోలేదు. మూడు పాయింట్ల గీత అవతలనుంచి విసిరినవాటిలో నూటికి 37 పడ్డాయి. అది ఎక్కడా తలవంచుకోవలసిన లెక్క కాదు. మరి ఏమయింది?

ఇక్కడ రెండు ఆటలకూ వున్న తేడా తెలుసుకోవాలి. బుట్ట ఎత్తు రెండుచోట్లా 10 అడుగులే. కాని ఎన్‌.బి.ఏ.లో మూడు పాయింట్ల గీత బుట్టకు ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాల దూరంలో వుంటుంది. కాలేజీ గీత 2019 తరువాత కూడా 22 అడుగుల చిల్లరే. ఫ్రెడెట్‌ రోజుల్లో ఇంకా దగ్గర, 20 అడుగుల 9 అంగుళాలు. అప్పుడు కాలేజీ జట్టుకు బంతి విసరడానికి 35 సెకన్ల వ్యవధి వుండేది. ఇప్పుడది 30. వృత్తి ఆటలో 24 మాత్రమే. ఆపైన ఎదుట నిలిచేవాళ్ళు! కాలేజీలో మనవాడి మీదికి వచ్చేవాడు రేపు ఏ బ్యాంకులోనో పనిచేసుకునే కుర్రవాడు కావచ్చు. అక్కడ వచ్చేవాడు ఆ పనికే జీతం తీసుకుంటున్న ఆరున్నర అడుగుల మనిషి. బంతి భుజందాకా వచ్చేసరికి వాడి చెయ్యి మొహంమీద వుంటుంది.

ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి. కాలేజీలో గురికాడు పెళ్ళికొడుకు. తక్కిన నలుగురూ అతనికోసమే పరుగెత్తుతారు, అడ్డు నిలుస్తారు, బంతి తెచ్చి చేతికిస్తారు. వృత్తి జట్టులో పెళ్ళికొడుకు వేరే వుంటాడు. ఇతను పందిట్లో పదిమందిలో ఒకడు. పది నిమిషాలు బెంచీమీద కూర్చుని, లేచి రెండు నిమిషాలు ఆడి, ఆ రెండు నిమిషాల్లో ఒక్కసారి బంతి వస్తే అది వెయ్యాలి. ఎదుటి జట్టు బంతి పట్టుకున్నప్పుడు ఎవణ్ణో ఒకణ్ణి కాచుకోవాలి కూడా. కాచుకోలేనివాణ్ణి వాళ్ళు ఇట్టే కనిపెడతారు. ఇక ప్రతిసారీ వాడిమీదికే పోతారు. అతను వేసిన మూడూ వాళ్ళు అతనిమీద చేసిన ఆరూ లెక్కవేసి శిక్షకుడు మళ్ళీ బెంచీ చూపిస్తాడు.

కొడుకు పక్షాన సాక్షులు లేకపోలేదు. జె.జె. రెడిక్‌ డ్యూక్‌ యూనివర్సిటీలో 2005–06లో సగటున 26.8 పాయింట్లు చేశాడు. 2006 డ్రాఫ్ట్‌లో 11వ పేరు. ఒర్లాండో జట్టు తీసుకుని కూర్చోబెట్టింది. రెండో ఏడు ఆడనిచ్చినవి 34 ఆటలే. ఏడాదికి 82 ఆటలుండేచోట 34 అంటే ఆ కుర్రవాడి మనసు ఎలా వుండివుంటుందో ఊహించండి. డ్యూక్‌లో అతని పేరు చెబితే ప్రేక్షకులు లేచి నిలబడేవారు. కాని రెడిక్‌ అలిగి కూర్చోలేదు. ఎదుటివాణ్ణి కాచుకోవడం నేర్చుకున్నాడు. బంతి లేకుండా అలుపెరగక పరుగెత్తి, కాపలావాణ్ణి రొప్పించి, అర సెకను సందు సంపాదించడం నేర్చుకున్నాడు. 15 ఏళ్ళు ఆడాడు. అతని అత్యధిక సగటు 18.1 పాయింట్లు 2018–19లో, 34 ఏళ్ళ వయసులో వచ్చింది! 2021లో ఆట మాని, 2024లో లాస్‌ ఏంజెలెస్‌ లేకర్స్‌ జట్టుకు ప్రధాన శిక్షకుడయ్యాడు.

కైల్‌ కోర్వర్‌ కథ ఇంకా వింత. క్రైటన్‌ యూనివర్సిటీ గురికాడు. 2003లో 51వ పేరు. ఎంచుకున్న న్యూజెర్సీ జట్టు ఫిలడెల్ఫియాకు 1,25,000 డాలర్లకు అమ్మేసింది. అందులో కొంత పెట్టి ఆఫీసుకు జిరాక్సు యంత్రం కొన్నారు. అలా యంత్రం ఖరీదుకు పోయినవాడు 17 ఏళ్ళు ఆడాడు, 2,450సార్లు గీత అవతలనుంచి బుట్టలో వేశాడు.

అందరికంటె పెద్ద సాక్షి స్టెఫెన్‌ కరీ. హైస్కూల్లో బంతిని నడుం దగ్గరనుంచి విసిరేవాడు. పెద్దవాళ్ళ ఆటలో అది సాగదని, తానూ ఎన్‌.బి.ఏ. గురికాడే అయిన తండ్రి డెల్‌ కరీ, ఒక వేసవి అంతా కూర్చోబెట్టి తల పైనుంచి విసరడం నేర్పాడు. చేతికి వచ్చిన విద్యను మరిచిపోయి మళ్ళీ ఓనమాలు దిద్దడమన్నమాట. పెద్ద యూనివర్సిటీలు పిలవలేదు. డేవిడ్‌సన్‌ అనే చిన్న కాలేజీలో చేరాడు. 2009 డ్రాఫ్ట్‌లో 7వ పేరు. సన్నగా వున్నాడు, తట్టుకోలేడన్నారు. 2015–16లో ఒక్క ఏడాదిలో 402 మూడు పాయింట్ల బుట్టలు వేశాడు. అంతకు ముందు 300 కూడా ఎవరూ దాటలేదు. అయితే అతన్ని జాగ్రత్తగా చూడండి. బంతి మరొకడికి ఇచ్చాక కరీ నిలబడడు. అసలు పరుగు అప్పుడే మొదలుపెడతాడు.

ఇప్పుడు గురికాళ్ళకు గిరాకీ పెరిగిందనేది నిజమే. ఎన్‌.బి.ఏ.లో ఆ గీత వచ్చిన 1979–80లో ఒక్కొక్క జట్టు ఆటకు మూడుసార్లయినా అక్కడనుంచి విసిరేది కాదు. ఈ రోజుల్లో 35సార్లు దాటుతున్నది. కాని గిరాకీతోపాటు సరుకూ పెరిగింది. ఏడడుగుల వాళ్ళు కూడా దూరంనుంచి వేస్తున్నారు. అందరికీ వచ్చిన విద్యకు ప్రత్యేకం జీతం ఎవరిస్తారు?

వారం తిరిగాక ఫోను వచ్చింది. తీర్పు చెప్పాను.

"ఒరే అబ్బాయ్‌, గురి తలుపు తీస్తుంది. లోపల వుండనిచ్చేది వేరే విద్య. ఈసారి ఆటకు పోయినప్పుడు బంతి మీవాడి చేతిలో వున్నప్పుడు కాదు, లేనప్పుడు చూడు. పరుగెత్తుతాడా? ఎదుటివాణ్ణి కాచుకుంటాడా? శిక్షకుడు కూర్చోబెడితే మొహం ఎలా పెడతాడు? చూసి నాకు చెప్పు."

తరువాతి ఆదివారం వాడే ఫోను చేశాడు. గొంతు తగ్గింది.

"చూశాను తాతయ్యా. బంతి లేకపోతే నించుంటాడు. నడుంమీద చేతులు వేసుకుని నించుంటాడు. ఇన్నాళ్ళూ నేను గమనించనేలేదు" అన్నాడు.

వెనకనుంచి తండ్రి నవ్వు వినబడుతుందేమోనని చూశాను. వినబడలేదు. ఆయన కూడా తన కాలేజీలో ఫస్టున పాసై, మొదటి ఉద్యోగంలో రెండేళ్ళు ఇతరుల లెక్కలు సరిచూస్తూ కూర్చున్నవాడే.

"దానికేంరా, మీవాడికి ఇంకా ఇరవై ఏళ్ళేగా. రెడిక్‌ నేర్చుకోలేదూ?" అన్నాను.

"అయితే బొమ్మ గోడమీద వుంచమంటావా?"

"వుంచు. చింపవలసిన తప్పేమీ చెయ్యలేదు గదా!"