మెట్లున్నాయని గమకం రాదా?

కరెంటు తగిలిస్తే కర్ణాటక సంగీతం చెడిపోతుందట! మాండలిన్ శ్రీనివాస్ పేరెత్తితే చాలు, "వేగమే గానీ గమకమేదీ? అంతా రాక్ గిటారు బాణీ" అని తేల్చేస్తారు. ఒడిశాలోని మా తెరుబలిలో, రాయగడలో నలుగురు తెలుగువాళ్ళు చేరినచోట కూడా ఇదే పాట. నలుగురూ అన్నంత మాత్రాన నిజమైపోతుందా?

మెట్ల వాద్యం మీద గమకం, అంటే స్వరాన్ని వంచి ఊపే పలుకు, రాదట. మరి వీణకున్న 24 మెట్లు అలంకారానికా? వైణికుడు మెట్టు మీద తీగను పక్కకు లాగితే శాస్త్రం, పాలకొల్లు కుర్రవాడు శ్రీనివాస్ అదే పని చేస్తే గారడీనా? మామూలు మాండలిన్‌కు నాలుగు జంటలుగా 8 తీగలు. జంటను శ్రుతి చెడకుండా లాగడం కష్టం. పైగా మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, ఐదో తీగ చేర్చాడు, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. నాదం నిలిచింది. కుడిచేతి మీటు ఒక్కటే. అది ఆరేలోగా ఎడమచేతి వేలు తీగను లాగి, జార్చి మూడు నాలుగు స్వరాలు పలికించేది. ఇది గమకం కాకపోతే ఇంకేమిటి?

భావం లేదట! శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండలిన్ రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు ఆ పాటను తీగ మీద పట్టుకునేవాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. గొంతు విని నేర్చిన చేతికి భావం లేదనడం వినకుండా ఇచ్చిన తీర్పు.

పోనీ, రాక్ గిటారంటే తిట్టా? రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ మీటే బిళ్ళ పక్కన పడేసి, ఉత్త వేళ్ళతో, తీగల బిగువు మార్చే కడ్డీతో స్వరాన్ని గొంతులా వంచాడు. గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్ 1970లలో 'శక్తి' బృందం కోసం గిటారు మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించుకున్నాడు. ఎందుకు? మన గమకం కోసమే. ఆయనే తర్వాత 'రిమెంబర్ శక్తి'లో శ్రీనివాస్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయనకు వినిపించింది మనవాళ్ళకు వినిపించదేం?

ఇక పరాయి వాద్యమన్న గొణుగుడు. ద్వారం వెంకటస్వామినాయుడు చేతిలోని వయొలిన్ ఏ దేశానిదో?

శ్రీనివాస్ 2014లో, 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. రికార్డులున్నాయి. కచేరీ చివర వాయించే చిన్న తుక్కడాలు కాదు, తీరిగ్గా చేసిన రాగాలాపన ఒకటి పెట్టుకుని పూర్తిగా వినండి. అప్పటికీ గమకం లేదంటారా, రండి, మాట్లాడుకుందాం.