మఱువరాని వఱద

హైదరాబాదు నగరమున అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా వైద్యశాల ప్రాంగణమున, ఒక ముసలి చింతచెట్టు కలదు. ఒకప్పుడు ఆ చెట్టు కొమ్మలే సుమారు 150 మంది ప్రాణములను నిలిపినవని దాని నీడను కూర్చుండువారిలో ఎందఱెఱుగుదురు?

అది 1908వ సంవత్సరము, సెప్టెంబరు 28వ తేదీ. ఎడతెగని వానకు నగరమునకు ఎగువనున్న చెరువులు ఒకదాని వెంట నొకటి తెగెను. మూసీ పరీవాహక ప్రాంతమునందలి 788 చెరువులలో 221 చెరువులకు గండ్లు పడెనని తరువాత లెక్క తేలినది. పై చెరువు నీరు క్రింది చెరువులో పడి, అదియు తెగి, అంతయు ఒక్క ప్రవాహమై నగరముపై బడెను. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకొనిపోయెను. నది యొడ్డున నున్న నాటి వైద్యశాల కూలెను. వేలకొలది ఇండ్లు నేలమట్టమయ్యెను. మృతులు సుమారు 15,000 మందియని అంచనా. చింతచెట్టు నాశ్రయించినవారు మాత్రము బ్రతికి బయటపడిరి.

ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వఱదలో తల్లిని, భార్యను, కూతురిని కోల్పోయెను. తాను మాత్రము మిగిలెను. ఆ దుఃఖమును కవితగా వ్రాసి, దానికి ‘ఖయామతె సుగ్రా’, అనగా ‘చిన్న ప్రళయము’ అని పేరిడెను. 1961 వఱకు జీవించిన ఆ కవి, అర్ధశతాబ్దమునకు పైగా ఆ దినమును గుండెలో మోసెను.

గడచిన దుఃఖమును త్రవ్వుకొనుట యేల, కాలమే మందు కదా యని కొందఱందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఏడ్చుచు కూర్చున్నవాడు పొలము దున్నలేడు. కాని దుఃఖము వేఱు, జ్ఞాపకము వేఱు. గాయము మానవలెను, గాయమునకు కారణమైనదానిని మఱువరాదు. నిప్పు ముట్టిన బిడ్డకు బొబ్బ మానును. అయినను ఆ బిడ్డ మరల నిప్పు ముట్టదు.

నాటివారు మఱువలేదు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను హైదరాబాదునకు రప్పించిరి. ఆయన వాన లెక్కలను, తెగిన చెరువులను పరిశీలించి, నగరమునకు ఎగువనే వఱదను నిలుపు జలాశయములు కట్టవలెనని సూచించెను. తత్ఫలితముగా 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసీపై హిమాయత్‌సాగరు పూర్తియయ్యెను. అవి వఱదను అదుపు చేయుటయేగాక నగరమునకు త్రాగునీటిని గూడ నిచ్చెను. కవి తన జ్ఞాపకమును అక్షరములలో దాచెను. ఇంజనీరు జనుల జ్ఞాపకమును కట్టగా నిలిపెను. రెండును లోకమునకు కావలసినవే.

అయితే తరములు మారినకొలది జ్ఞాపకము పలుచనగును. ఎండిన చెరువు కంటికి చెరువుగా తోచదు, ఖాళీ స్థలముగా తోచును. అందు ఇండ్లు లేచును. నీరు మాత్రము తన త్రోవను మఱువదు. 2020 అక్టోబరులో కురిసిన పెనువానకు హైదరాబాదులో అనేక కాలనీలు మునిగెను, చెరువుకట్టలు తెగెను, ప్రాణములు పోయెను. పెద్దలు పడిన బాధను పిల్లలు మఱచినచో, ఆ బాధను వారును పడవలసియుండును.

ఏటేట సెప్టెంబరు 28న కొందఱు ఆ చింతచెట్టు క్రింద చేరి మృతులను స్మరించుచున్నారు. అది మంచి పని. కాని స్మరణ అంతటితో ముగియరాదు. వాగు ఏ దారిని పాఱెడిదో, నీరు ఏ గడప వఱకు వచ్చెనో ఎఱిగిన వృద్ధులు ప్రతి యూరను ఉందురు. విద్యార్థులు వారి చెంత కూర్చుండి, ఆ సంగతులు విని, వ్రాసియుంచుకొనవలెను. వఱదను చూచినవారు ఒకనాటికి వెళ్లిపోదురు. వారి మాట విన్నవారైనను మిగులవలెను.