చెరసాల పేరు హోటల్

ఇటలీ గేయకర్త, గాయకులు ఫాబ్రీజియో దె ఆంద్రె (1940–1999) జెనోవా నగరమున సంపన్న గృహంలో జన్మించినా, తమ పాటలలో వేశ్యలకు, ఉరికంబమెక్కినవారికి చోటిచ్చారు. 1979 ఆగస్టులో సార్డీనియా దీవిలోని తమ వ్యవసాయ క్షేత్రం నుండి ఆయనను, సహచరి డోరి గెజ్జిని దుండగులు అపహరించారు. సుమారు నాలుగు నెలల చెర. తండ్రి సొమ్ము చెల్లించిన పిమ్మట, డిసెంబరులో విడుదల.

న్యాయస్థానంలో ఆయన తమకు కాపలా ఉన్నవారిని క్షమించారు. కలిగినవారైన సూత్రధారులను మాత్రం క్షమించలేదు. ఈ తారతమ్య వివేచనయే మమ్ము ఆకట్టుకొన్నది. మేమైతే ఆ దీవి వంక మరల కన్నెత్తి చూచెడివారము కాము! ఆయన అక్కడికే తిరిగి వెళ్లి సేద్యం సాగించారు. 1981లో ఆ చెరపై పాట కట్టి, సార్డీనియా పర్వతప్రాంతం పేరిట ‘హోటల్ సుప్రమోంటె’ అని నామకరణం చేశారు.