ఇనుప కాడెద్దుల జీర్ణోద్ధరణము

జీర్ణోద్ధరణము అను మాట చెవిని బడగానే మనకు కూలిన గోపురమో, పూడిన చెరువో, బీటలువారిన మంటపమో స్ఫురించును. క్రొత్తది కట్టించుటకంటె శిథిలమైనదానిని నిలువబెట్టుట మిన్న యని పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ మాటను తుప్పుపట్టిన యొక చిన్న ట్రాక్టరునకు వాడినచో చెల్లునా యని పండితులు సందేహింపవచ్చును. సికిందరాబాదు రాణీగంజిలో ఒక పూట తిరిగి చూచినవారికి ఆ సందేహము తీరును. పంపుసెట్ల భాగములు, బేరింగులు, గొలుసులు, ఏ యంత్రమునుండి ఊడినవో చెప్ప శక్యము గాని పళ్లచక్రములు అచ్చటి అంగళ్లలో కుప్పలుగా పడియుండును. తెలియనివారు వానిని చెత్త యందురు. తెలిసినవారు పాత పుస్తకముల దుకాణమున అలభ్యగ్రంథమునకై వెదకినట్లు ఆ కుప్పలలో గంటలకొలది వెదకుదురు.

అమెరికాలో పాత తోట ట్రాక్టరులను బాగుచేయుట ఒక గొప్ప వ్యాసంగము. రెండవ ప్రపంచయుద్ధానంతరము అచ్చటి నగరముల చుట్టును పెరళ్లు గల యిండ్లు లెక్కకు మిక్కిలిగా లేచినవి. పచ్చిక కోయుటకు, కూరపాదులు దున్నుటకు, చలికాలమున వాకిటి మంచును త్రోయుటకు చిన్న ట్రాక్టరులు కావలసివచ్చినవి. 1946లో వీల్ హార్స్ సంస్థ పుట్టినది. 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టరువారి కబ్ కేడెట్టు, 1963లో జాన్ డీరువారి 110 వెలువడినవి. ఇప్పుడవి షష్టిపూర్తి దాటిన యంత్రములు. పశువుల కొట్టములలో మూలబడియున్నవానిని వెదకి తెచ్చి, విప్పి, కడిగి, మరల నడపువారు అచ్చట ఊరూర కలరు. వారికి ట్రాక్టరు ఒక నెపము. ఎన్నడును చూడని మనుష్యునికి, అతనియొద్ద లేని యొక చిన్న గొట్టమును టపాలో పంపి, దాని వెంట ఒక ఉత్తరము వ్రాయుటలో వారికి అసలైన ఆనందము కలదు.

మన దేశమున పెరటి పచ్చిక కోయుటకు ట్రాక్టరు కొనువారు లేరు. మనకు చిన్న యంత్రము వరిమడి దారిన వచ్చినది. జపానువారి మిత్సుబిషితో పొత్తు కలిపి 1967లో బెంగుళూరున వి.ఎస్.టి. టిల్లర్స్ సంస్థయు, కుబోటావారి సాంకేతిక సహాయముతో 1973లో కేరళమున కామ్‌కో సంస్థయు ఏర్పడినవి. రెండు చక్రములు, రెండు పిడులు, వెనుక నడచు మనిషి: పవర్ టిల్లరును తొలిసారి చూచిన రైతునకు అది మేడి పట్టి నడచిన తన నాగలివలెనే తోచియుండును. పెద్ద ట్రాక్టరుల కథ అంతకు ముందటిది. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో కేంద్ర ట్రాక్టరు సంస్థ, యుద్ధానంతరము మిగిలిన సైనిక ట్రాక్టరులతో మధ్యభారతపు రెల్లుభూములను దున్నించినది. 1956లో రాజస్థానమున సూరత్‌గఢ్ క్షేత్రము రష్యా యంత్రములతో ఆరంభమైనది. 1959లో ఫరీదాబాదున ఐషర్ కర్మాగారమునుండి స్వదేశీ ట్రాక్టరు వెలువడినది. ఇంగ్లండున 1946 మొదలు 1956 వరకు అయిదు లక్షలకు పైగా తయారైన ఫెర్గూసన్ టి.ఇ.20 అను బూడిదరంగు చిన్న ట్రాక్టరును ఈ సందర్భమున మరువరాదు. ఎవరెస్టు నెక్కిన హిల్లరీ 1958 జనవరి 4వ తేదీన దక్షిణధ్రువమును చేరినది ఆ ట్రాక్టరులమీదనే.

ఈ వ్యాసంగమునకు సికిందరాబాదు తగిన తావు. 1806లో దండు విడిదియై పేరు పొందిన ఊరిది. 1893లో నిజాము రైల్వేవారు లాలాగూడలో కార్ఖానా నెలకొల్పిరి. ప్రాగా టూల్స్ 1943లో వెలసినది. సైనిక యంత్రవిద్యా కళాశాల తిరుమలగిరిలో ఉన్నది. రైలులో, సైన్యములో, కర్మాగారములో జీవితమంతయు ఇనుముతో గడిపి ఉద్యోగవిరమణ చేసినవారు ఇంతమంది యొక్క చోట ఉండుట వేరొక తెలుగు పట్టణమున అరుదు. అయినను ఇచ్చట పాత వాహనములపై మోజు గలవారిలో అధికులు కార్లను, మోటారు సైకిళ్లను పట్టుకొనిరి. రైతు వాడి విడిచిన చిన్న యంత్రమును చేరదీయువారు తక్కువ. దానిని తూకమునకు అమ్మివేయుటయే ఆచారమైనది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అను సామెత పాత కారు విషయమున చెల్లలేదు గాని, పాత టిల్లరు విషయమున అక్షరాల చెల్లుచున్నది.

చిన్నది గదా యని ఒంటరిగా బాగుచేయ బూనినవాడు మూడవనాటికి ఇతరుల గడప త్రొక్కక తప్పదు. ఏండ్ల తరబడి వానలో తడిసిన ఇంజను పట్టివేసియుండును. ప్లగ్గు ఊడదీసి సిలిండరులో డీజిలు పోసి కొన్ని దినములు కదలింపక యుంచవలెను. ఓపిక లేక బలము చూపినచో లోపలి రింగులు విరుగును. పిస్టను కదలినపిదప రవ్వ రాదు. మాగ్నెటో అయస్కాంతము శక్తి తగ్గియుండును. దానికొక మనిషి. అరిగిన సిలిండరును తొలిచి, దానికి సరిపోవు పిస్టను వెదకి తెచ్చుటకు లేతు పట్టిన వేరొక మనిషి. పాతకాలపు బేరింగులలో తగరము ప్రధానముగా గల తెల్లలోహమును కరగించి పోసెడి విద్య ముసలి రైల్వే ఫిట్టరులకే తెలియును. గాస్కెట్టు కత్తిరింపవలసిన కొలతలు గల పుస్తకము జపాను భాషలో నుండును. దానిని చదివి పెట్టుటకు విదేశీభాషలు నేర్చు విద్యార్థి కావలెను. అన్నియు అమరినతరువాత కూడ లోపల ఏదో టకటక మనుచుండును. అప్పుడు మేస్త్రీ వచ్చి పేచకస్సు మొనను ఇంజనుమీద ఆనించి, పిడిని చెవికి చేర్చుకొని, వైద్యుడు గుండె వినినట్లు విని, ఫలానా చోట అరుగుదల యున్నదని చెప్పును. ఆ చెవి ఏ పట్టమునకును లొంగినది కాదు.

ఈ మైత్రి సహాధ్యాయుల మైత్రివంటిది కాదు, బంధుత్వమువంటిదియు కాదు. యంత్రము తన అవసరముచేత మనుష్యులను ఒకచోటికి లాగుకొని వచ్చును. లేనిచో ఒక విశ్రాంత అధికారియు, నాలుగవ తరగతితో చదువు మానిన మేస్త్రీయు ఒకే గోనెపట్టామీద కూర్చుండి టీ త్రాగుట ఎట్లు సంభవించును? వారి పిలుపులను గమనించినవారికి ముచ్చట గొలుపును. తొలి ఆదివారము అధికారి "ఏమయ్యా" అనును, మేస్త్రీ "సార్" అనును. నెల గడచునప్పటికి అధికారి నోట "మేస్త్రీగారూ" అని వచ్చును. ఇంజను పలికిననాడు మేస్త్రీ నోటినుండి "అన్నా" యనియో, "భాయీ" యనియో తెలియకయే వెలువడును. సికిందరాబాదున ఏ యింటి భాష ఏదైనను షెడ్డులో తెలుగు, ఉర్దూ, అరవము కలగలసి నడచును. ఎవరికిని దుబాసి అక్కరలేదు. స్నేహమను మాట చాటున మేస్త్రీ కూలిని ఎగవేయ జూచువారును లేకపోలేదు. అట్టివారి షెడ్డునకు రెండవమారు ఏ మేస్త్రీయు రాడు, రాకుండుటే న్యాయము.

ఈ మిత్రబృందములలో తెగని కలహ మొకటి కలదు. యంత్రమునకు మెరుగు రంగు పూసి పెండ్లికొడుకును చేయవలెనా, ఉన్న రూపముననే నిలుపవలెనా? సాహిత్యవిద్యార్థులకు ఇది పరిచితమైన తగవు. మన తాళపత్ర గ్రంథముల పరిష్కర్తలలోను ఈ రెండు తెగలు ఉండెను. ఒకరు తప్పని తోచినచోటనెల్ల తమ పాఠమును చేర్చి పద్యమును నున్నగా చేయుదురు. ఒకరు ప్రతులను ఒకదానితో నొకటి పోల్చి, మూలపాఠమును పట్టుకొందురు. వేమన పద్యములకై బ్రౌను దొర ప్రతులను సేకరించి పండితులచేత పోల్చి చూపించిన శ్రమ రెండవ త్రోవకు చెందినది. టిల్లరు విషయమునను ఇదియే మేలు. వేరొక యంత్రమునుండి తెచ్చి తగిలించిన కార్బురేటరు ప్రక్షిప్తమే. అవసరమైనచో ఉండనిండు, కాని అది ప్రక్షిప్తమని ఒక చీటీమీద వ్రాసి యుంచవలెను. ఇరువదియేండ్లు రైతు అరచేయి రాచుకొని నునుపెక్కిన పిడిని ఆకురాయితో గీకి రంగు వేయుట, ప్రతిలోని లేఖకుని గద్యను చెరిపివేయుటతో సమానము.

అభిరుచుల తగవు పెద్దది కాదు; చట్టముయొక్క చూపు పెద్దది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ పురాతన వాహనములకు ప్రత్యేక నియమములు ప్రకటించినది. తొలి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడక నిలిచియున్న వాహనమునకు "వీఏ" అను అక్షరములతో ప్రత్యేక సంఖ్య నిత్తురు. రుసుము 20,000 రూపాయలు. ఇంతవరకు మంచిదే. కాని ఆ నియమము స్వంతమునకు వాడెడి కార్లకును, ద్విచక్ర వాహనములకును మాత్రమే వర్తించును. ట్రాక్టరు, లారీ, బస్సు ఆ నిర్వచనమున లేవు. అదే సంవత్సరము పాత వాహనములను తుక్కు చేయు విధానమును ప్రకటింపబడినది. 2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏండ్లు నిండిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను రద్దగుచున్నది. పొగ విరజిమ్ము బండ్లు రహదారినుండి తొలగుట అవసరమే. దానిని కాదనువారు లేరు. విహారమునకు తిరిగిన కారునకు వార్ధక్యమున గౌరవము దొరకునప్పుడు, అన్నము పండించిన యంత్రమునకు తూకపు రాళ్లే గతి యగుట మాత్రము సమంజసము కాదు.

ఆరవ నిజామునకై చేయించిన 1912 నాటి రోల్స్ రాయిస్ కారును పునరుద్ధరించి చౌమహల్లా ప్రాసాదమున నిలిపినారు; చూచి ఆనందింపవలసినదే. సామాన్యుడు ఎక్కిన బండియు నిలిచిన దృష్టాంతము మనకు లేకపోలేదు. 1932లో నిజాము రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైనది. ఆనాటి ఆల్బియన్ బస్సులలో ఒకదానిని "దక్కన్ క్వీన్" అను పేరుతో ఆర్టీసీవారు భద్రపరచిరి. అది స్కాట్లండు దేశపు బండి. ఉదయించు సూర్యుడు ఆ సంస్థ చిహ్నము. దానిని కాపాడుటకు ఒక పెద్ద సంస్థ యుండెను గనుక అది మిగిలినది. టిల్లరునకు సంస్థ లేదు. ఒక రైతు, ఒక మేస్త్రీ, వారికి తోడైన నలుగురు మిత్రులు: దానికి అంతే దిక్కు. ఆ నియమములోని నిర్వచనమున వ్యవసాయ యంత్రములను చేర్చుట కష్టమైన పని కాదు. ప్రదర్శనమునకును, విద్యాబోధనకును మాత్రమే అని షరతు పెట్టినను సరిపోవును.

తెలుగు ఉపాధ్యాయులకు ఇందులో వేరొక పని కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశము మొదటి సంపుటమును వ్యవసాయ పదములతో ప్రకటించినది; 1971లో చేనేత పదముల సంపుటము వచ్చినది. నాగలికి సంబంధించిన ఒక్కొక్క కొయ్యను, ఒక్కొక్క కట్టును ఏ సీమవారు ఏమందురో అడిగి వ్రాసికొన్న మహాకార్యమది. ఆ పదములు సేకరించుచున్న నాటికి మన పల్లెలలో ట్రాక్టరు అరుదు. తరువాతి యంత్రముల మాటలు షెడ్డులలోనే పుట్టి షెడ్డులలోనే మడియుచున్నవి. మేస్త్రీ యనునది పోర్చుగీసునుండి వచ్చినది, కార్ఖానా పారశీకము, మరమ్మతు అరబ్బీనుండి ఉర్దూ మీదుగా దిగినది. ఆకురాయి అచ్చ తెలుగు. పానా, పేచకస్సు అను మాటలు తెలియని మేస్త్రీ లేడు. వానిని పాఠ్యపుస్తకములో చూచిన విద్యార్థియు లేడు. "ఇంజను ఆయిలు త్రాగుచున్నది" అను ప్రయోగమును నిఘంటుకారుడు ఏ శీర్షిక క్రింద చేర్చునో గాని, దానికంటె సూటియైన మాట యింజనీరింగు పుస్తకములలో దొరకదు.

ఉన్నత పాఠశాలలు, పాలిటెక్నిక్కులు తలచుకొన్నచో ఈ రెండు పనులును ఒకేచోట జరుగును. తూకమునకు పోవుచున్న యొక పాత టిల్లరును ఆ ధరకే కొని షెడ్డులో నిలుపవచ్చును. విజ్ఞానశాస్త్రపు అయ్యవారు ఇంజనును చూచుకొందురు. తెలుగు అయ్యవారు పిల్లలచేత మేస్త్రీ నోటి మాటలను నోటుపుస్తకములో వ్రాయింతురు. మేస్త్రీని బడికి పిలిచినప్పుడు కుర్చీ వేసి, దినకూలి లెక్కగట్టి ఇచ్చి, పిల్లలచేత "మేస్త్రీగారూ" అని పిలిపించుట ప్రధానోపాధ్యాయుని బాధ్యత. మొదటి వారమున పిల్లలకు కావలసినవి ఒక సీసా డీజిలు, నాలుగు పానాలు, ఊడదీసిన మరలను వరుస తప్పక పెట్టుకొనుటకు ఒక పాత పళ్లెము.