నర్సమ్మ చేతిలోని వైద్యము

బస్తరు సీమలో, తెలంగాణ సరిహద్దు నంటియున్న తర్లగూడ వంటి పల్లెలో వానకాలపు రాత్రి బిడ్డకు చలిజ్వరము వచ్చినచో తల్లికి మొదట జ్ఞప్తికి వచ్చునది నర్సమ్మయే. వైద్యుడు భోపాలపట్నములోనో బీజాపూరులోనో ఉండవచ్చును. జ్వరము ఆయన రాకకై ఆగదు. ఫాల్సిపారం మలేరియా సకాలమున మందు పడనిచో ఒక్క దినములోనే ప్రాణాంతకము కాగలదు.

వ్రేలికొన నుండి తీసిన రక్తపుబొట్టుతో పరీక్షాఫలితము అరగంటలోపుననే తెలియును. ఫాల్సిపారం అయినచో ఆర్టెమిసినిన్ కలిసిన మందులు మూడు దినములు వాడవలెను. వైవాక్స్ అయినచో క్లోరోక్విన్ మూడు దినములు, ప్రైమాక్విన్ పదునాలుగు దినములు వాడవలెను. గర్భిణులకును, పసికందులకును ప్రైమాక్విన్ ఈయరాదు. జ్వరము ముందే తగ్గిపోవును గనుక తక్కిన మాత్రలు చూరులోనే ఉండిపోవుచుండును. వాటిని కడవరకు మ్రింగించుట సూదిమందు వేయుటకంటె కష్టతరమైన వైద్యమని నా అభిప్రాయము.

పూర్వము ఉపకేంద్రపు నర్సు పని యనగా ముఖ్యముగా పురుళ్ళు, టీకాలు, కుటుంబనియంత్రణ. 2018 ఏప్రిల్ 14న ఇదే బీజాపూరు జిల్లాలోని జాంగ్లాలో ఆయుష్మాన్ భారత్ పథకపు మొదటి ఆరోగ్యకేంద్రము ప్రారంభమైనది. ఆ పథకము క్రింద నర్సింగు చదివి, ఆరు నెలల ప్రత్యేక శిక్షణ పొందినవారు పెక్కుమంది ఉపకేంద్రములకు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా వచ్చిరి. ముప్పదియేండ్లు దాటినవారికి రక్తపుపోటు, మధుమేహము, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు లక్షణములు చూచుట కూడ వారి పనియైనది. ఈ ఉద్యోగనామమునకు తెలుగుమాట కూర్చుటకు నేను చాలసేపు తంటాలు పడితిని. జనులు మాత్రము ఆమెను నర్సమ్మ యనియే పిలుచుచున్నారు. నేనును ఆ మాటనే ఉంచుచున్నాను.

వైద్యుడు లేనిచోట నర్సుచే చేయించు వైద్యము రెండవ తరగతిదని కొందరి ఆక్షేపణ. మందులపెట్టె ఖాళీగా నున్నప్పుడు, ఫోనులో వైద్యుని సలహా దొరకనప్పుడు ఆ మాట నిజమే. అట్టిచోట పని పెంచి చేయూత నీయకుండుట ఆమెకును రోగికిని అన్యాయము. నర్సు ఉన్నది గదా యని వైద్యుల ఖాళీలను నింపకుండుట అంతకంటె పెద్ద తప్పు. గిరిజన ప్రాంతములలో మూడువేల జనాభాకొక ఉపకేంద్రమని నియమము. ఆ మూడువేలమంది చెదరిన పల్లెలలో నుందురు. వానలకు ముందే మందులు చేరవలెను. కేంద్రము చెంతనే ఆమెకు వసతి, రాత్రిపూట తోడు ఉండవలెను.

ప్రజలకును ఒక మనవి. బిడ్డకు మూర్ఛ వచ్చినను, స్పృహ తప్పినను, నీరు త్రాగలేకున్నను నర్సమ్మ పెద్దాసుపత్రికి పొమ్మనును. తానే చూడక పంపివేసెనని అలుగక వెంటనే బయలుదేరుడు. మందుపొట్లముపై వ్రాత హిందీలో నున్నచో, ప్రొద్దుటి మాత్రకు సూర్యుని బొమ్మను, రాత్రి మాత్రకు చంద్రుని బొమ్మను వేసి యిమ్మని ఆమెనే అడుగుడు.